గ్రాండ్ స్లామ్: పదమూడు హాత్‌ల లఫ్జ్, దాని సఫర్

కొన్ని ఉర్దూ అఖ్బార్లలో 'గ్రాండ్ స్లామ్' అన్న మాటను ఎలా రాస్తారో ఎప్పుడైనా గమనించారా? సీన్, లామ్, అలిఫ్, మీమ్. అంటే అచ్చంగా మనం 'సలామ్' రాసినట్టే. జేర్, జబర్ పెట్టే అలవాటు పత్రికలకు లేదు కాబట్టి 'గ్రాండ్ సలామ్' అని చదివేసినా ఎవరూ తప్పు పట్టరు. సానియా మీర్జా వింబుల్డన్ డబుల్స్ గెలిచిన 2015 జులైలో మా మొహల్లా పెద్దాయన ఒకరు అఖ్బార్ మడిచి పక్కన పెట్టి, "బచ్చీ దునియా మొత్తం నుంచి పెద్ద సలామ్ తెచ్చుకుంది" అన్నారు. వినడానికి ఎంత బావుందో! ఆ లఫ్జ్ మతలబ్ మాత్రం అది కాదు.

మరి ఏమిటి? తెలుగు పత్రికల్లో ఇరవై ఏళ్లుగా పని చేస్తున్నాను. ఈ ప్రశ్న అడిగితే చాలామంది నుంచి రెండు జవాబులు వస్తాయి. టెన్నిస్‌లో పెద్ద టోర్నమెంట్ అని ఒకటి. 'స్లామ్' అంటే గట్టిగా కొట్టడం కదా, బంతిని బలంగా బాదడం అని ఇంకొకటి. అసలు ఈ మాట టెన్నిస్‌లో పుట్టలేదు. బాదడంతోనూ దీనికి పని లేదు. ఇది పేకాటలో హిసాబు రాసుకునేటప్పుడు వాడిన మాట. మన ఇళ్లల్లో పేకముక్క కనబడితే పెద్దవాళ్ల భృకుటి ముడిపడుతుంది. అలాంటి ఇళ్లలోనే సానియా ఫోటో పక్కన ఈ పేకాట మాట గర్వంగా నిలబడింది. ఈ విడ్డూరం కోసమైనా దీని తారీఖ్ తెలుసుకోవాలి.

హాత్ అంటే ఏమిటి

ఆట తెలియని వాళ్ల కోసం ముందు ఒక చిన్న సంగతి. నలుగురు కూర్చుంటారు. ఎదురెదురుగా ఉన్న ఇద్దరు ఒక జట్టు. 52 ముక్కలు పంచితే ఒక్కొక్కరికి 13 వస్తాయి. ఒకరు ఒక ముక్క వేస్తే, మిగతా ముగ్గురూ అదే రంగులో తలా ఒకటి వేయాలి. పెద్ద ముక్క వేసిన వాడు ఆ నాలుగూ ఎత్తుకుంటాడు. అలా ఎత్తుకున్న నాలుగు ముక్కల కట్టను మా వైపు 'హాత్' అంటారు, తెలుగులో 'పట్టు' అంటారు. చేతిలో 13 ముక్కలు కాబట్టి ఆట మొత్తానికి 13 హాత్‌లే. ఆ పదమూడూ ఒకే జట్టు లాగేస్తే అది గ్రాండ్ స్లామ్. పన్నెండు లాగి ఒకటి వదిలేస్తే స్మాల్ స్లామ్. అంతే.

మన 'కోట్ పీస్' ఆడిన వాళ్లకు ఈ లెక్క వెంటనే అర్థమవుతుంది. అందులోనూ నలుగురు, రెండు జట్లు, 13 హాత్‌లు. వరసగా మొదటి ఏడు హాత్‌లు కొట్టేస్తే ఎదుటి జట్టు మీద 'కోట్' పడుతుంది. పదమూడూ కొట్టేస్తే కొన్నిచోట్ల దాన్ని 'బావన్' లెక్క అంటారు. పేకలో ఉన్న యాభై రెండు ముక్కలకూ గుర్తుగా, ఎదుటివాళ్లకు తల ఎత్తుకునే వీలు లేకుండా. అంటే 'ఒక్కటి కూడా వదల్లేదు' అని చెప్పుకోవడానికి ఒక ప్రత్యేకమైన మాట కావాలన్న కోరిక మనకూ ఉంది, ఫిరంగీలకూ ఉంది.

పదమూడు ఎక్కడి నుంచి వచ్చింది

ఇక్కడే ఈ కథ మన వైపు తిరుగుతుంది. నాలుగు రంగులు, రంగుకు 13 ముక్కలు, మొత్తం 52. ఈ కొలత లేకపోతే 13 హాత్‌లు లేవు, గ్రాండ్ స్లామ్ లేదు. ఐరోపాకు ఈ కొలత ఈజిప్టు నుంచి వెళ్లింది.

1931లో ఎల్.ఏ. మేయర్ అనే పండితుడు ఇస్తాంబుల్‌లోని తోప్‌కపీ మహల్ మ్యూజియంలో ఒక పాత పేకను గుర్తించాడు. అది మమ్లూక్ సుల్తానుల కాలం నాటిది. మమ్లూకులు 1250 నుంచి 1517 వరకు కైరో నుంచి రాజ్యం చేశారు. ఆ పేకలో నాలుగు రంగులు: దిర్హములు, కప్పులు, కత్తులు, చౌగాన్ కర్రలు. చౌగాన్ అంటే ఇప్పటి పోలో. ఒక్కో రంగులో పది అంకెల ముక్కలు, మూడు దర్బారు ముక్కలు. ఆ మూడింటి పేర్లు చూడండి: మలిక్, నాయబ్ మలిక్, సానీ నాయబ్. అంటే రాజు, రాజు తర్వాతి వాడు, ఆ తర్వాతి వాడు. మనుషుల బొమ్మలు మాత్రం లేవు. బంగారు, నీలి రంగుల్లో నగిషీ, ఆ మధ్యలో అరబీ ఖత్తాతీ. అంతే.

నాయబ్! ఈ లఫ్జ్ మనకు కొత్తదా? నాయబ్ తహసీల్దార్ దగ్గరికి ఎన్నిసార్లు తిరిగి ఉంటాం! 'నవాబ్' కూడా ఈ నాయబ్ బిడ్డే. బాద్షా తరఫున హుకూమత్ చేసేవాడు నాయబ్, దాని బహువచనాన్ని గౌరవంగా వాడితే నవాబ్. ఇదే మాట పేకముక్కలతో పాటు సముద్రం దాటింది. 1377లో ఫ్లోరెన్స్ నగరం ఈ కొత్త ఆట మీద ఆంక్ష పెట్టినప్పుడు ఆ ఆటకు రాసిన పేరు 'నాయిబ్బె'. స్పెయిన్‌లో ఈనాటికీ పేకముక్కల్ని 'నైపెస్' అనే అంటారు. మన తహసీల్ ఆఫీసు బోర్డు మీదున్న మాట, మాడ్రిడ్‌లో పేక అమ్మే దుకాణం మీదున్న మాట ఒకే ఖాందాన్ అన్నమాట.

ఇటలీ, స్పెయిన్ వాళ్లు కత్తిని కత్తిగానే ఉంచుకున్నారు. ఇటలీలో 'స్పాదె', స్పెయిన్‌లో 'ఎస్పాదా'. చౌగాన్ ఆట వాళ్లకు తెలియదు. అందుకని ఆ కర్ర ఉత్త దుడ్డుకర్ర అయిపోయింది. తర్వాత ఫ్రెంచివాళ్లు బొమ్మలు మార్చేసి పాన్ ఆకు లాంటి గుండె, ఈంట్ లాంటి పలక, మూడు రెక్కల ఆకు వేశారు. ఇంగ్లీషువాళ్లు ఫ్రెంచి బొమ్మలు తీసుకున్నారు, పేర్లు మాత్రం పాతవే ఉంచారు. అందుకే బొమ్మ మూడు రెక్కల ఆకు, పేరు 'క్లబ్', అంటే కర్ర. బొమ్మ నల్లటి ఆకు, పేరు 'స్పేడ్', అంటే కత్తి. ముక్క మీది బొమ్మ పారిస్‌ది, పేరు వెనక ఉన్న నీడ కైరోది.

మన తెలుగు పేక మాటల్లోనూ ఇలాంటి సఫరే కనిపిస్తుంది. డచ్చివాళ్లు ఆ మూడు రెక్కల ఆకును దాని బొమ్మను బట్టి 'క్లావర్' అన్నారు, గుండెను 'హార్తన్' అన్నారు. 17వ శతాబ్దం మొదట్లో కుతుబ్‌షాహీల ఇజాజత్‌తో వాళ్లు మసులీపట్నంలో దిగి వ్యాపారం చేశారు. తెలుగువాళ్ల నోట అవే కళావరు, ఆఠీను. ఉర్దూలో మనం చిడీ, పాన్, ఈంట్, హుకుం అంటాం. ఒకే చావిడిలో కూర్చుని ఆడే ఇద్దరు దోస్తుల్లో ఒకరు డచ్చి నుంచి వచ్చిన మాట, ఇంకొకరు మన జబాన్ మాట అంటుంటే ఆటకు ఏ ఇబ్బందీ రాలేదు ఎన్నడూ.

స్లామ్ పుట్టిన చోటు

ఇక స్లామ్. 17వ శతాబ్దపు ఇంగ్లాండులో ఇది ఒక ఆట పేరు. 1674లో చార్లెస్ కాటన్ అచ్చు వేసిన ఆటల పుస్తకంలో 'రఫ్ అండ్ ఆనర్స్' అనే ఆటకు రెండో పేరుగా ఈ మాట కనిపిస్తుంది. అదే కాలంలో 'హాత్‌లన్నీ గెలవడం' అనే అర్థం కూడా దీనికి ఏర్పడింది. ఆ ఆటల నుంచే 'విస్ట్' వచ్చింది. 1742లో ఎడ్మండ్ హోయ్ల్ విస్ట్ మీద చిన్న పుస్తకం రాస్తే ఇంగ్లాండు అంతా దాని వెంట పడింది. తలుపును ధడాలున వేయడం అనే అర్థంలో 'స్లామ్' వేరే మాట. రెండింటి స్పెల్లింగ్ ఒకటే కావడం వల్ల ఇవాళ చాలామంది బాదడం అనుకుంటారు. తర్వాత దానికి 'గ్రాండ్' చేరి 'గ్రాండ్ స్లామ్' అయింది. 'గ్రాండ్' అంటే ఇక్కడ ఆడంబరం కాదు, 'మొత్తం' అని. పన్నెండు కాదు, పదమూడు.

విస్ట్ నుంచి బ్రిడ్జ్ వచ్చిన దారిలో మళ్లీ ఇస్తాంబుల్ తగులుతుంది. 19వ శతాబ్దం చివర్లో ఉస్మానీ సల్తనత్ రాజధానిలో ఉన్న విదేశీ వ్యాపారులు, దౌత్యవేత్తలు విస్ట్ లాంటి కొత్త ఆట ఒకటి ఆడేవాళ్లు. 1886లో లండన్‌లో దాని నియమాలు చిన్న పుస్తకంగా వచ్చాయి. పేరు 'బిరిచ్, లేక రష్యన్ విస్ట్'. ఈ ఆటలో జట్టులో ఒకరు తన ముక్కలన్నీ బల్ల మీద తెరిచి పెట్టి ఊరుకుంటాడు. ఇంకొకడు ఇద్దరి తరఫునా ఆడతాడు. ఆ తెరిచిన ముక్కల్ని ఫ్రెంచివాళ్లు 'మొర్' అంటారు, అంటే మయ్యిత్! బిరిచ్ పోయి బ్రిడ్జ్ అయింది. స్లామ్‌లకు అందులో ఇనామ్ ఉండేది. కానీ చిన్నది. స్మాల్ స్లామ్‌కు 20, గ్రాండ్ స్లామ్‌కు 40.

నియ్యత్ ముందు చెప్పాలి

ఈ మాటకు అసలు బరువు 1925లో వచ్చింది. అమెరికా ధనికుడు హెరాల్డ్ వాండర్‌బిల్ట్ ఆ ఏడాది అక్టోబరు చివర్లో 'ఫిన్లాండ్' అనే ఓడలో పనామా కాలువ మీదుగా హవానాకు వెళుతూ, తోటి ప్రయాణికులతో బ్రిడ్జ్‌కు కొత్త హిసాబు పెట్టి ఆడి చూశాడు. ఆ హిసాబుతో ఆడేదే ఇవాళ్టి కాంట్రాక్ట్ బ్రిడ్జ్.

పాత పద్ధతిలో ఒక సౌకర్యం ఉండేది. తక్కువ చెప్పి ఎక్కువ గెలిచినా స్లామ్ ఇనామ్ వచ్చేది. 'తొమ్మిది తెస్తాం' అని చెప్పి, ముక్కలు కలిసొచ్చి పదమూడు కొట్టేస్తే స్లామ్ మీదే. వాండర్‌బిల్ట్ ఈ తలుపు మూసేశాడు. ఆట మొదలు కాకముందే, ఎదుటి జట్టు వినేలా 'పదమూడూ మావే' అని చెప్పాలి. చెప్పి గెలిస్తేనే గ్రాండ్ స్లామ్. చెప్పకుండా పదమూడు వస్తే అవి ఉత్త పదమూడు హాత్‌లే. చెప్పి ఒక్కటి తగ్గినా, పన్నెండు గెలిచినా, ఓడినట్టే. ఆ పన్నెండుకూ విలువ లేదు, పైగా జరిమానా.

దీనికి తగ్గట్టే ఇనామ్ కూడా పెంచాడు. ఇప్పటి లెక్కలో చెప్పి గెలిచిన స్మాల్ స్లామ్‌కు 500, గ్రాండ్ స్లామ్‌కు 1000. అప్పటికే ఒక ఆట గెలిచి ఉన్న జట్టును 'వల్నరబుల్' అంటారు. గెలుపులో ఉన్నవాడికి దెబ్బ కూడా పెద్దదే తగలాలన్నమాట. అలాంటి జట్టుకు అవే 750, 1500. ఈ 'వల్నరబుల్' అన్న మాటను ఆ ఓడలోనే ఒక యువతి సూచించిందని వాండర్‌బిల్ట్ తర్వాత చెప్పాడు.

ఈ మార్పు గురించి చదివిన ప్రతిసారీ నాకు మన ఇళ్లల్లో వినే 'నియ్యత్' అన్న మాట గుర్తుకొస్తుంది. పని అయిపోయాక 'నేనూ అదే అనుకున్నా' అనడం సులువు. ముందుగా నలుగురిలో చెప్పి, ఆ మాటకు బద్ధుడై, ఓడితే నష్టం భరించడానికి సిద్ధపడటం వేరు. గ్రాండ్ స్లామ్‌లో ఉన్న ఇజ్జత్ అంతా ఆ రెండో దానిలోనే ఉంది.

పేకబల్ల నుంచి టెన్నిస్ కోర్టుకు

కొత్త బ్రిడ్జ్ అమెరికాను ఊపేసింది. 1931 డిసెంబరు, 1932 జనవరిలో న్యూయార్క్‌లో ఎలీ కల్బర్ట్‌సన్, సిడ్నీ లెంజ్ జట్ల మధ్య జరిగిన పోటీ ఖబర్లు పత్రికల మొదటి పేజీలకు ఎక్కాయి. స్లామ్, వల్నరబుల్, డబుల్ అంటే ఏమిటో పత్రిక చదివే ప్రతివాడికీ తెలిసిన రోజులవి. అప్పటికే 1930లో గోల్ఫ్ ఆటగాడు బాబీ జోన్స్ ఒకే ఏడాది నాలుగు పెద్ద పోటీలు గెలిస్తే, దాన్ని గ్రాండ్ స్లామ్ అన్నారు.

1933లో ఆస్ట్రేలియా ఆటగాడు జాక్ క్రాఫర్డ్ టెన్నిస్‌లో ఆస్ట్రేలియా, ఫ్రాన్స్, వింబుల్డన్ పోటీలు వరసగా గెలిచి అమెరికా వచ్చాడు. నాలుగోది కూడా గెలిస్తే అది కోర్టులో కొట్టిన గ్రాండ్ స్లామ్ లాంటిదని న్యూయార్క్ టైమ్స్ క్రీడా రచయిత జాన్ కీరన్ రాశాడు. పక్కన వల్నరబుల్, డబుల్ వంటి బ్రిడ్జ్ మాటలు కూడా చేర్చాడు, చదివేవాళ్లకు బరువు తెలియాలని. ఫైనల్లో క్రాఫర్డ్ రెండు సెట్లు గెలిచి ఒక సెట్ ముందున్నాడు. తర్వాతి రెండు సెట్లూ ఫ్రెడ్ పెర్రీ లాగేసుకున్నాడు. అంటే ఈ మాట టెన్నిస్‌లోకి గెలుపుతో రాలేదు. అందకుండా పోయిన ఆఖరి హాత్‌తో వచ్చింది. నాలుగూ ఒకే ఏడాది గెలిచిన మొదటివాడు డాన్ బడ్జ్, 1938లో. ఆడవాళ్లలో మొదటి ఆమె మౌరీన్ కానలీ, 1953లో.

తర్వాత తర్వాత మా పత్రికలవాళ్ల తొందర వల్ల మాట అరిగిపోయింది. నాలుగు పోటీల్లో ప్రతి ఒక్కదాన్నీ 'గ్రాండ్ స్లామ్' అనడం మొదలైంది. పేకాట భాషలో చెప్పాలంటే, ఒక్కో హాత్‌ను పట్టుకుని పదమూడు అన్నట్టు.

మన హైదరాబాద్ బిడ్డ లెక్క

ఇప్పుడు సానియా రికార్డును ఈ అసలు మతలబ్‌తో చదవండి. ఆమెకు ఆరు పెద్ద టైటిళ్లు ఉన్నాయి. మిక్స్‌డ్ డబుల్స్‌లో 2009 ఆస్ట్రేలియా, 2012 ఫ్రాన్స్, 2014 అమెరికా. మహిళల డబుల్స్‌లో మార్టినా హింగిస్‌తో కలిసి 2015 వింబుల్డన్, 2015 అమెరికా, 2016 ఆస్ట్రేలియా. హెడ్‌లైన్లలో వీటిని 'ఆరు గ్రాండ్ స్లామ్‌లు' అని రాస్తారు.

నాకు ఆ ఆరు కన్నా చివరి మూడే పెద్దవిగా కనిపిస్తాయి. ఎందుకంటే అవి వరసగా వచ్చాయి. ఆ సమయంలో సానియా, హింగిస్ జోడీ వరసగా 41 మ్యాచ్‌లు ఓడలేదు. 2016 మేలో పారిస్ వెళ్లేసరికి నాలుగింటిలో మూడు వాళ్ల చేతిలో ఉన్నాయి. నాలుగోది కూడా తెచ్చుకుంటే నాలుగు కప్పులూ ఒకేసారి వాళ్లవే. మూడో రౌండ్‌లో ఓడిపోయారు. 1933లో క్రాఫర్డ్‌కు అందనిది కూడా ఆ నాలుగోదే. మన గల్లీల నుంచి వెళ్లిన ఒక అమ్మాయి, ఈ లఫ్జ్ పుట్టుక నుంచి మోస్తున్న అసలు బరువుకు అంత దగ్గరగా వెళ్లింది. 'ఆరు గ్రాండ్ స్లామ్‌లు' అన్న హెడ్‌లైన్‌లో ఆ సంగతి కనబడకుండా పోతుంది. మాటను వదులుగా వాడితే పొగడ్త పెరిగినట్టు అనిపిస్తుంది. నిజానికి చేసిన పని చిన్నదైపోతుంది.

ఆట, జూదం

'అదంతా సరే, పేకాట పేకాటే కదా' అనే అమ్మీలు, నానీలు ఉంటారు. వాళ్ల భయానికి కారణం ఉంది. పండగకు దాచిన పైసలు, కూతురి జహేజ్ కోసం దాచిన బంగారం పందెంలో పోయిన ఇళ్లు అందరికీ తెలుసు. పందెం పెట్టిన ఆట ముక్కలతో ఆడినా, ఫోన్‌లో ఆడినా జూదమే. అందుకే తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో ఆన్‌లైన్ రమ్మీ పందేలను ఆపాలని చట్టం తెచ్చాయి. మరోవైపు ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులోనే సుప్రీంకోర్టు 1967లో రమ్మీ ఉత్త అదృష్టం కాదు, బ్రిడ్జ్‌లో ఉన్నట్టే ఇందులోనూ జ్ఞాపకం, నేర్పు ఉన్నాయని చెప్పింది. నేర్పు ఉన్నంత మాత్రాన పందెం మంచిది అయిపోదు. పందెం చెడ్డదైనంత మాత్రాన నేర్పు లేకుండా పోదు. రెండూ నిజమే.

బ్రిడ్జ్ పెద్ద పోటీలు పైసల పందెం లేకుండా ఆడతారు. 'లారెన్స్ ఆఫ్ అరేబియా' చూసిన వాళ్లకు ఒమర్ షరీఫ్ తెలుసు. ఆయన 1964 బ్రిడ్జ్ ఒలింపియాడ్‌లో ఈజిప్టు తరఫున ఆడాడు. పేకకు 52 ముక్కల కొలత ఇచ్చిన కైరో, ఆ ఆటకు ఒక ఆటగాణ్ణీ ఇచ్చింది. 1981లో కరాచీ వాడు జియా మహమూద్ ఉన్న పాకిస్తాన్ జట్టు ప్రపంచ పోటీ బెర్ముడా బౌల్‌లో ఫైనల్ వరకు వెళ్లింది. 2018 జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శిబ్‌నాథ్ సర్కార్ పురుషుల జోడీ బ్రిడ్జ్‌లో మన దేశానికి బంగారు పతకం తెచ్చారు. అప్పటికి బర్ధన్ వయసు అరవై.

మీ పిల్లలకు ముక్కలు కొనిపెట్టమని నేను చెప్పడం లేదు. అది ఎవరింటి ఫైసలా వాళ్లది. ఈ లఫ్జ్ మతలబ్ మాత్రం చెప్పండి. పరీక్ష రాయబోయే పిల్లవాడికి, మొదటిసారి మైదానంలోకి దిగే అమ్మాయికి ఇందులో పనికొచ్చే మాట ఉంది. ఫలితం వచ్చాక గొప్ప చెప్పుకోవడం అందరికీ వస్తుంది. ముందే, నలుగురి ముందు, 'మొత్తం తెస్తాను' అని చెప్పి కూర్చునే ధైర్యానికి పదమూడు హాత్‌ల ఆట ఒక పేరు పెట్టింది. ఆ పేరు కైరో నుంచి వచ్చిన ముక్కల మీద, లండన్ బల్లల మీద, ఇస్తాంబుల్ మీదుగా వచ్చిన ఆటలో, పనామా దాటిన ఓడలో తయారై మన హైదరాబాద్ గల్లీ దాకా చేరింది. ఇక నుంచి దాన్ని పూర్తి అర్థంతో వాడదాం.